దర్జీ తమ్ముడి వైద్య సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ

దాతలందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో మన వీధి దర్జీ తమ్ముడి కిడ్నీ వైద్యానికి మీరిచ్చిన డబ్బుకు ఈ నెల 10వ తేదీ వరకు లెక్క ఇది. "డయాలసిస్ ఊరికే చేస్తున్నారు కదా, లక్షలు ఏమయ్యాయి?" అని సంతలోనూ గుడి దగ్గరా మాటలు నడుస్తున్నాయి. అడిగే హక్కు మీకుంది, చెప్పే బాధ్యత మాది.

జమ:
వీధిలో ఇంటింటి చందా: రూ. 1,12,400
బజారు దుకాణాలు: రూ. 64,500
సూరత్, హైదరాబాదుల్లో పనికి వెళ్లిన మన పిల్లలు ఫోనులో పంపింది: రూ. 83,500
వినాయక చవితి నిధిలో మిగులు: రూ. 18,600
మొత్తం: రూ. 2,79,000

సూరత్ పిల్లలకు ప్రత్యేకంగా దండాలు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి మరీ పంపారు. మొదటి రోజు సభలో చెయ్యెత్తి రాయించుకున్న మొత్తాల్లో ఇంకా రూ. 46,000 రావాలి. పేర్లు ఇక్కడ రాయడం లేదు.

ఖర్చు:
ప్రయాణాలు, విశాఖలో గది, భోజనం: రూ. 31,700
మామూలు రక్త పరీక్షలు, స్కానింగు: రూ. 14,200
కిడ్నీ బయాప్సీ (చిన్న ముక్క తీసి చూడటం), ఇమ్యునోఫ్లోరెసెన్స్ (మెరిసే రంగుతో అందులో ఏ ప్రొటీను పేరుకుందో చూసే పరీక్ష): రూ. 22,500
ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పరీక్ష: రూ. 8,500
ఎముక మజ్జ పరీక్ష, ఫ్రీ లైట్ చైన్, ఎలక్ట్రోఫోరెసిస్ (చెడ్డ ప్రొటీనును పట్టే పరీక్షలు): రూ. 23,600
బోర్టెజోమిబ్ (ఈ రోగానికి ఇస్తున్న అసలు మందు) ఇంజెక్షన్లు 12, ఒక్కొక్కటి రూ. 6,200 చొప్పున: రూ. 74,400
మిగతా మందులు, ఇంజెక్షన్ గది చార్జీలు: రూ. 21,800
మొత్తం: రూ. 1,96,700. నిల్వ రూ. 82,300.

ఆటోవాళ్లు బిల్లులివ్వరు. ఆ ఖర్చు తేదీ వేసి పుస్తకంలో రాశాం.

ఇక అసలు సంగతి. డయాలసిస్‌కు ఈ నిధి నుంచి ఒక్క రూపాయి పోలేదు. 2016లో మొదలైన కేంద్ర పథకం కింద అది పేదలకు ఉచితం, తమ్ముడికీ అలాగే జరుగుతోంది. ఖర్చయిందంతా రోగమేమిటో తేల్చడానికీ, దాని మూలాన్ని కొట్టడానికీ పోయింది.

తమ్ముడి అత్తారిది కవిటి, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానం ప్రాంతంలోది. "ఉద్దానం జబ్బే, దానికి ఇన్ని పరీక్షలెందుకు?" అన్నారు చాలామంది. ఉద్దానం జబ్బులో మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు. తమ్ముడికి నురగ నురగగా పోయేది, సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. బయాప్సీ ముక్కను మామూలు మైక్రోస్కోపులో చూస్తే షుగరువాళ్ల కిడ్నీలా ముడులు ముడులుగా ఉందన్నారు. కానీ తమ్ముడికి షుగరు లేనే లేదు! అందుకే డాక్టరు అక్కడితో ఆగలేదు. సేమ్యా ముక్కంత లేని ఆ కండను తీసినప్పుడే మూడు రకాల పరీక్షలకు మూడు సీసాల్లో వేరు చేసి పెట్టారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అన్నిచోట్లా ఉండదు, బయటి ఊరి ల్యాబుకు వెళ్లి రిపోర్టు రావడానికి వారాలు పట్టింది. "డబ్బు బ్యాంకులో పెట్టుకుని కూర్చున్నారు" అన్న మాట పుట్టింది ఆ రోజుల్లోనే. రోగం పేరు తెలియకుండా ఏ మందు కొంటాం?

తేలిందేమిటంటే, మన ఒంట్లో రోగాలతో పోరాడే యాంటీబాడీలను తయారుచేసేది మజ్జలోని ప్లాస్మా కణాలు. వాటిలో ఒక రకం కణం అదుపు తప్పి, యాంటీబాడీలో ఒక ముక్కనే, కప్పా లైట్ చైన్ అంటారు దాన్ని, అతిగా తయారు చేస్తోంది. అది రక్తంలో కిడ్నీకి చేరి, వడపోత గోడల్లో పేరుకుపోతోంది. కాంగో రెడ్ అనే రంగు పట్టలేదు కాబట్టి అమిలాయిడ్ (ప్రొటీను పేరుకునే ఇంకో జబ్బు) కాదని, లైట్ చైన్ డిపోజిషన్ డిసీజ్, అంటే లైట్ చైన్ పేరుకునే జబ్బు అని రిపోర్టులో రాశారు. మొదట్లో ఊళ్లో చేయించిన మూత్రం పట్టీ పరీక్షలో ఈ ముక్కలు సరిగ్గా కనబడవు. ఆ పట్టీ ముఖ్యంగా అల్బుమిన్‌నే పడుతుంది.

"కేన్సరు మందు ఎందుకు కొన్నారు, కేన్సరు దాచిపెట్టారా?" అని ఇంటి ఆడవాళ్లను నిలదీసినవాళ్లున్నారు. ఇది మాకు చాలా బాధ కలిగించింది. బోర్టెజోమిబ్ మైలోమా అనే మజ్జ కేన్సరుకు వాడే మందే. మజ్జ పరీక్షలో తమ్ముడికి మైలోమా లేదని తేలింది. అయినా ఆ చెడ్డ ప్రొటీనును తయారుచేసే కణాలను అణచాలంటే ఆ మందే కావాలి. "ఆ డబ్బుతో కిడ్నీ మార్పిడి చేయిస్తే పోయేది" అన్న పెద్దలకు మా మనవి: ప్రొటీను ఆగకుండా కొత్త కిడ్నీ పెడితే దాన్నీ అదే పాడుచేస్తుంది.

ఇంజెక్షను వారానికొకటే ఎందుకు, గది అద్దె పెరుగుతోంది కదా అని కూడా అడిగారు. ఈ మందుకు వేళ్లలో తిమ్మిరి, మంట రావచ్చు. తమ్ముడివీ కుట్టుపని చేసే వేళ్లే. నరంలోకి కాకుండా పొట్ట చర్మం కింద, వారానికొకసారి ఇస్తే ఆ బాధ తగ్గుతుందని డాక్టరు చెప్పారు, మేం సరేనన్నాం. అగ్గిపొక్కులు లేవకుండా వేరే మాత్ర కూడా ఇస్తున్నారు. ఆ ఖర్చు "మిగతా మందులు" లెక్కలో ఉంది.

మన ఒడిశా ఆరోగ్య కార్డు విశాఖలో నడవలేదు, వెళ్లిన ఆసుపత్రి ఆ జాబితాలో లేదు. పాత ఫైలంతా అక్కడే ఉండటం వల్ల ఆసుపత్రి మార్చలేదు.

ఫలితం: రక్తంలో కప్పా లెక్క 612 నుంచి 94కు దిగింది. కప్పాకూ, లాంబ్డా అనే రెండో రకం లైట్ చైన్‌కూ ఉన్న నిష్పత్తి మొదట 27కు పైన ఉండేది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది 1.65 దాటదు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో 3 దాకా ఉండొచ్చట. వాపు తగ్గింది. డయాలసిస్ మాత్రం వారానికి రెండుసార్లు సాగుతోంది, అది ఆగుతుందని డాక్టరు మాటివ్వలేదు, మేమూ ఇవ్వడం లేదు.

మిగిలిన రూ. 82,300 తర్వాతి ఎనిమిది ఇంజెక్షన్లకు. ఖాతాలో ఇద్దరి సంతకాలు పడితేనే డబ్బు కదులుతుంది. రాయించుకున్న మొత్తాలు బాకీ ఉన్నవారు ఈ నెలాఖరులోగా ఇస్తే పరీక్షలు వాయిదా వేయనక్కర్లేదు. బిల్లులన్నీ, రిపోర్టు నకళ్లూ కోశాధికారి ఇంట్లో ఉన్నాయి. సాయంత్రం ఆరు తర్వాత ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఒడియాలో రాసిన లెక్క గుడి గోడకు అంటించాం.