సుంకం మాట విత్తనాలప్పుడే చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినప్పటి నుంచి టీవీ పెడితే ఇదే గొడవ, ఒకాయన స్వదేశీ అంటాడు, ఇంకొకాయన ఫ్రీ ట్రేడ్ అంటాడు, ఆదోని యార్డులో పత్తి మూటల పక్కన నిలబడినోడి ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తరు.

మిల్లులోళ్లకు పత్తి సులువుగా దొరకాలని, బయటి పత్తి మీద 2021 నుంచి ఉన్న 11 శాతం సుంకాన్ని మన ప్రభుత్వమే 2025 ఆగస్టు 19న ఎత్తేసింది. మొదట సెప్టెంబర్ 30 వరకే అన్నారు, అప్పటికి మా చేలల్లో కాయ పూర్తిగా పగలదు కదా, పోనీలే అనుకున్నాం. పది రోజులు తిరక్కుండానే గడువు డిసెంబర్ 31 దాకా పొడిగించారు. మా పత్తి యార్డుకు వచ్చేదే ఆ నెలల్లో.

పోయిన వారం నాలుగు క్వింటాళ్లు తీసుకుపోయాను. వ్యాపారి మూటలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు తీసి పిసికి, "తేమ ఉందన్నా, పైగా బయటి పత్తి దిగుతోంది, మిల్లులోళ్లు కొనట్లేదు" అని క్వింటాలుకు 6,700 అన్నాడు. 2025-26 మద్దతు ధర చూస్తే పొడుగు పింజకు 8,110, మధ్య రకానికి 7,710. అది కావాలంటే ప్రభుత్వం కొనే కేంద్రానికి పత్తి తెచ్చే రోజుకు ఫోన్‌లో స్లాట్ దొరకాలి, తేమ 12 శాతం దాటకూడదు. ఆ పత్తిని మూడు రోజులు పట్టల మీద ఆరబోసి, మబ్బు పడితే ఎత్తి, ఎండొస్తే మళ్లీ పరిచి తెచ్చిందే. తీత కూలి కిలోకు 12 రూపాయలు అప్పటికే ఇచ్చేశాను.

మిల్లులోళ్లను తప్పు పట్టను. తిరుపూరు బనియన్లు అమెరికాలో అమ్ముడుపోకుంటే రేపు మన పత్తి అడిగేవాడే ఉండడు. కానీ అమెరికా రైతుకు వాళ్ల ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది, నాది వానాధారం సేద్యం, బయటి పత్తి మీద ఆ సుంకమే మాకున్న రక్షణ.

శెనక్కాయ రైతులకూ ఇదే జరిగింది. 2024 సెప్టెంబర్‌లో బయటి నుంచి వచ్చే ముడి వంట నూనెల మీద సుంకం 5.5 నుంచి 27.5 శాతం చేశారు, అంగట్లో నూనె ప్యాకెట్ రేటు పెరిగి ఇంట్లో నాకు చీవాట్లు. 2025 మే నెలాఖరులో, సరిగ్గా విత్తనాలు కొనుక్కునే టైముకు 16.5కి దించారు.

పెంచుతారో తీసేస్తారో మీ ఇష్టం, జూన్‌లో విత్తేదానికి విత్తనాలు కొనే ముందే చెప్పండి, మా సరుకు అమ్ముడయ్యేదాకా మార్చకండి. ముందే తెలిసుంటే రెండెకరాలు కంది వేసేవాణ్ణి. అదీ 2025లో బయటి నుంచి సుంకం లేకుండానే వచ్చిందట, సరే, కొర్రలైనా వేసేవాణ్ణి. ఆరు క్వింటాళ్ల పత్తి ఇంకా నడింట్లోనే పోసి ఉంది, పిల్లలకు ఒళ్లంతా దురదలు.

- ఒక పత్తి రైతు, ఆదోని మండలం, కర్నూలు జిల్లా