రేడియేషన్ కొలతలను పూర్తిగా ప్రకటించండి: పర్యవేక్షణ విభాగం అధిపతికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధిపతి గారికి,

గాలిలో గామా కిరణాల స్థాయి సాధారణంగానే ఉందన్న ఒక్క వాక్యంతో నివేదిక ముగిస్తే సరిపోదు. 1986 నాటి చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్ర ప్రమాదంలో పిల్లల థైరాయిడ్ గ్రంథులకు చేటు చేసినది ముఖ్యంగా పాల ద్వారా చేరిన రేడియోధార్మిక అయోడిన్-131. దాని అర్ధాయువు (రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం) 8 రోజులే కనుక, తొలి వారాల్లో కొలవకపోతే ఏ బిడ్డకు ఎంత మోతాదు అందిందో తరువాత నేరుగా కొలిచే వీలుండదు. సుమారు 30 ఏళ్ల అర్ధాయువు గల సీజియం-137 అనే మరో రేడియోధార్మిక పదార్థం మాత్రం మట్టి పైపొరల్లో నిలిచి, పుట్టగొడుగుల్లోకి, వాటిని తినే అడవి జంతువుల్లోకి దశాబ్దాల తరబడి చేరుతూనే ఉంటుంది.

అందువల్ల పాలు, నీరు, మట్టి నమూనాలను క్రమం తప్పక పరీక్షించి, కిలోకు లేదా లీటరుకు ఎన్ని బెకరెల్‌లు (రేడియోధార్మికతకు కొలమానం) ఉన్నాయో, ఎక్కడ, ఏ తేదీన సేకరించారో ప్రకటించాలని కోరుతున్నాను. ప్రమాదం లేని రోజుల కొలతలూ (తరచూ నిర్లక్ష్యానికి గురయ్యేవి ఇవే) పోలికకు తప్పనిసరి. థైరాయిడ్ క్యాన్సర్ నమోదు వివరాలను, వ్యక్తుల గోప్యతకు భంగం కలగకుండా, వీటితో కలిపి పరిశీలించండి.

ఇట్లు,
ఒక పౌరుడు