వణికే బల్లకు వైస్ ఎందుకు?

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో, ఇంట్లో చిన్నపాటి వడ్రంగం మొదలుపెట్టేవారి కోసం వేసిన వ్యాసం చదివాను. ముందుగా చెక్కను కదలకుండా బిగించి పట్టే మంచి ఉక్కు వైస్, మూడంగుళాల మందం గట్టి కలప బల్ల సమకూర్చుకోమన్నారు. ఆ ఖర్చుకు జడిసి ఉలి పట్టకుండానే ఊరుకునేవారు ఉంటారని ఈ ఉత్తరం రాస్తున్నాను.

లెక్కల ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాక, బట్టలు ఉతికే మెషీన్ పక్కన మిగిలిన జాగాలో నా పని మొదలైంది. మొదటి బల్లకు నేనూ డబ్బు ధారపోశాను. దళసరి పలక, నాలుగు లావాటి కాళ్లు, మూలలకు ఇనుప పట్టీలు. మీదికెక్కి నిలబడితే కిక్కురుమనలేదు. చిత్రిక పట్టబోతే మాత్రం తోసిన ప్రతిసారీ నాతోపాటే ముందుకు ఒరిగి, వెనక్కి ఊగేది. చుట్టలుగా రావలసిన పొట్టు తునకలై రాలేది. నెల తిరిగేసరికి స్క్రూల రంధ్రాలు వదులై, కింద నేల మీద సన్నని కలప పొడి. దీర్ఘచతురస్రాన్ని పక్కకు తోస్తే సమాంతర చతుర్భుజమవుతుందని, త్రిభుజం మాత్రం కదలదని ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద గీసి చూపించినవాడిని. సొంత బల్ల దగ్గర ఆ పాఠమే మరిచాను.

రెండో బల్ల ఒకే ఒక ప్లైవుడ్ పలకతో అయింది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న పలకను నాలుగు సమాన ముక్కలు చేయించాను. మూడింటిని ఒకదానిపై ఒకటి అంటిస్తే 54 మిల్లీమీటర్ల మందంతో పైభాగం సిద్ధం. నాలుగో ముక్క వెనక కాళ్లకు, వాటిని కలిపే అడ్డపట్టీకి, జానెడుకొక స్క్రూ చొప్పున బిగించాను. ఊపు ఆగింది ఆ ముక్క వల్లే. రెండు పక్కలా ఒక్కో ఏటవాలు పట్టీ వేశాను. కాళ్లు, అడ్డపట్టీలు కలిసేచోట బోల్టులు వాడాను. వదులైతే మళ్లీ బిగించుకోవచ్చు. ప్లైవుడ్ అంచులోకి మాత్రం స్క్రూ దించకండి, పొరలు విచ్చుకుంటాయి.

అంటించేటప్పుడు ఒక పొరపాటు చేశాను. నొక్కిపట్టే క్లాంపులు లేక అంచుల మీద నీళ్ల బకెట్లు పెట్టి, నడిమధ్యను వదిలేశాను. ఆరాక వేలితో కొడితే మధ్యలో డొల్ల చప్పుడు. ఊడదీసి, గీకి, రెండోసారి మధ్యలో కింది నుంచి స్క్రూలు బిగించి అంటించాను. జిగురు ఆరగానే ఆ స్క్రూలు తీసేయాలి. ఒకటి మరిచిపోయినందుకు తరవాత బరమా మొన పోగొట్టుకున్నాను.

ఎత్తు సంగతి: నిటారుగా నిలబడి చేయి వేలాడేస్తే మణికట్టు ఎక్కడికి వస్తుందో అంత చాలు. చిత్రిక పనే ఎక్కువైతే కాస్త తగ్గించుకోండి.

ఇక వైస్. నా బల్లకు అది లేదు. 19 మిల్లీమీటర్ల రంధ్రాలు కొన్ని, చేతికర్రలా వంచిన ఇనుప కడ్డీలు రెండు ఉన్నాయి. కడ్డీని రంధ్రంలో దించి నెత్తిన ఒక దెబ్బ వేస్తే ఏటవాలుగా ఇరుక్కుని చెక్కను నొక్కిపడుతుంది. వెనక నుంచి తడితే వదిలేస్తుంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పూడ్చేసిన రోమన్ల ఊరు హెర్క్యులేనియంలో దొరికిన ఒక గోడచిత్రంలో చిన్నారి మన్మథులు పలకను కోస్తుంటారు. దాన్ని బల్లకు పట్టి ఉంచింది ఇలాంటి కడ్డీయే. చిత్రిక పట్టేటప్పుడు చెక్క ముందుకు జారకుండా ఎదుట ఒక అడ్డు, పక్కకు తిరగకుండా వెనక మూలన పక్షినోరులా గంటు కోసిన చెక్కముక్క సరిపోతాయి.

మీ వ్యాసంతో వేసిన బొమ్మలో కూడా బల్లకు నాలుగు కాళ్లు తప్ప వెనక పలక గానీ ఏటవాలు పట్టీ గానీ లేవు. వీలైతే వాటిని గీయించి, ఆ బొమ్మ మళ్లీ వేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు