ఈసీజీ నార్మల్ అయితే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మా బాబాయికి గుండెపోటు వచ్చిన రోజు ఆయన చొక్కా జేబులో ఈసీజీ కాగితం మడత పెట్టి ఉంది. దాని మీద పెన్నుతో 'నార్మల్' అని రాసి ఉంది. వారం కిందటే తీయించాం, కానీ అక్కడ బీపీ చూడలేదు, షుగర్ సంగతి అడగలేదు, ముప్పై ఏళ్లుగా సిగరెట్లు కాలుస్తున్నాడని ఎవరూ రాసుకోలేదు. పడుకోబెట్టి తీసే ఈసీజీ ఆ కొన్ని సెకన్లలో గుండె ఎలా కొట్టుకుందో చెబుతుంది గానీ, రక్తనాళాల్లో పేరుకుంటున్న కొవ్వును చూపించదు కదా!

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 1948లో 5,209 మందితో మొదలైన గుండెజబ్బుల అధ్యయనం నుంచి వచ్చిన ముప్పు లెక్కల్లో వయసు, బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగే అలవాటు, షుగర్ అన్నీ కలిపి చూస్తారు, ఈసీజీలో ఎడమ జఠరిక (గుండె కింది ఎడమ గది) గోడ మందమైనట్టు కనిపిస్తే పాత లెక్కల్లో దాన్నీ చేర్చేవారు. అంటే ఈసీజీ దండగని కాదు, అదొక్కటే చాలదని.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల్లో రక్తపరీక్ష అక్కర్లేనిదీ ఉంది: వయసు, ఆడా మగా, పొగ, పై బీపీ, ఎత్తుతో పోల్చిన బరువు తెలిస్తే చాలు, వచ్చే పదేళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి వచ్చే ముప్పు ఎంతో అంచనా వేయొచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నలభై దాటిన ప్రతి ఒక్కరికీ ఆ అంకె ఓపీ చీటీ మీద రాసివ్వండి.

- ఒక పాఠకుడు, తెనాలి