పంచాయితీకి వచ్చే ముందు

తిరుపతి,
ఆదివారం

నాయనా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇంట్లో చుట్టాలున్నారు, తీరిగ్గా మాట్లాడే వీలు లేకపోయింది. నీ స్నేహితుడు చెయ్యి చేసుకుంటే అతని భార్య బిడ్డను ఎత్తుకొని నగరిలో పుట్టింటికి వెళ్ళిపోయిందనీ, శనివారం సాయంత్రం కొర్లగుంటలో వాళ్ళింట్లోనే పెద్దమనుషుల్ని కూర్చోబెడుతున్నారనీ, "మనోడి తరఫున నువ్వొచ్చి రెండు మాటలు చెప్పు" అని వాళ్ళన్న నిన్ను పిలిచాడనీ అన్నావు. దీనికోసం బెంగళూరు నుంచి రావాలా అని నీ సందేహం. రా. కాకపోతే ఏం మాట్లాడాలో ముందే తేల్చుకొని రా. వాట్సాప్‌లో ఇంత పొడుగు పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పంపిస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. రేపు పొద్దున్నే స్పీడ్ పోస్టులో వేస్తాను.

కోర్టులో బెంచి క్లర్కుగా ఉన్నన్నాళ్ళూ డీవీసీ ఫైళ్ళు నా చేతుల మీదుగానే మేజిస్ట్రేటు టేబుల్ మీదికి వెళ్ళేవి. గృహహింస చట్టం కింద వేసే కేసును మేం అలాగే అంటాం. చాలా ఫైళ్ళలో పాత రాజీ కాగితం ఒకటి జతచేసి ఉండేది. కొన్ని తెల్లకాగితం మీద, కొన్ని స్టాంపు కాగితం మీద. రాత మాత్రం దాదాపు ఒకటే తీరు. ఆమె అత్తమామలకు ఎదురు చెప్పకుండా బుద్ధిగా కాపురం చేసుకోవలెను, అతను ఆమె మీద చెయ్యి చేసుకోకుండా ఉండవలెను. కింద ఐదారుగురు మగవాళ్ళ సంతకాలు, చివర్లో ఆమెది.

ఆ కాగితం ఎలా పనిచేస్తుందో చూడు. నోరెత్తడాన్నీ చెయ్యెత్తడాన్నీ ఒకే తక్కెడలో పెట్టి తూచేశారు. రేపు ఆమె అత్తతో ఒక మాట అంటే షరతు తప్పింది ఆమే అవుతుంది. ఆ తర్వాత అతను కొట్టినా పెద్దమనుషులు మొదట అడిగేది "నువ్వెందుకన్నావమ్మా?" అనే. కొట్టడానికి ఒక కారణాన్ని తామే రాసిచ్చామని వాళ్ళకు తట్టదు. వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కాదు, నాలుగు కాపురాలు నిలబెట్టామనే అనుకుంటారు. మళ్ళీ ఒకచోట చేర్చిన కాపురాలను లెక్కపెడతారు, ఆ తర్వాత లోపల ఏం జరిగిందో ఎవరూ వెళ్ళి అడగరు.

అసలు పంచాయితీ మొగుడింట్లో ఏంది? ఆమెను రమ్మన్నారో లేదో కూడా నువ్వు చెప్పలేదు. రమ్మన్నా మాట్లాడేది వాళ్ళ నాన్నే. ఆమెను లోపలి గదిలో కూర్చోబెట్టి, అంతా అయ్యాక పిలిచి, "ఏమ్మా, కాపురానికి వస్తావా?" అంటారు. అత్తమామలూ అంతమంది మగవాళ్ళూ చూస్తుండగా ఎవరు మాత్రం రానంటారు?

పోయిన ఏడాది ఆ అమ్మాయి మణికట్టు విరిగితే స్కూటీ మీంచి పడిందని చెప్పి పుత్తూరు కట్టు వేయించారు, గుర్తుందా? కట్టు మంచిదే, నేను దాన్ని తప్పు పట్టను, నీ మోచేయి కూడా అక్కడే అతికింది. కానీ పెద్దాసుపత్రికి పోతే డాక్టరు ఎలా తగిలిందని అడిగి రాసుకుంటాడు. ఆ రాతే తర్వాత కోర్టులో ఆమెకు ఆధారమవుతుంది. కొన్ని ఇళ్ళవాళ్ళు పుత్తూరు దారి పట్టేది ఎముక కోసం ఒక్కటే కాదు, ఆ రాత పడకుండా ఉండడానికి కూడా. స్కూటీ కథ నువ్వు నమ్మావో లేదో నాకు తెలియదు. మీ అమ్మ ఆ రోజే నమ్మలేదు.

మందే కారణం అని వాళ్ళన్న నీతో అన్నాడట. మందుకు సంబంధం లేదని నేననను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడింది ఇంట్లో దెబ్బలు తినీ తినీనే. 1993 అక్టోబరులో సారా బందు కావడం వాళ్ళ పుణ్యమే. కానీ తాగనివాళ్ళు కూడా కొడుతున్నారు. మీవాడు ఆ రోజు తాగాడా అని అడిగితే నువ్వే నీళ్ళు నమిలావు.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్న ఉంది. చెప్పకుండా బయటికి వెళ్ళడం, వంట సరిగా చెయ్యకపోవడం, ఎదురు మాట్లాడడం, అత్తమామల్ని గౌరవించకపోవడం, ఇలా ఏడు కారణాలు చెప్పి, వీటిలో ఏదో ఒకదానికి మొగుడు పెళ్ళాన్ని కొట్టడం సబబేనా అని అడిగారు. మన రాష్ట్రంలో నూటికి 84 మంది ఆడవాళ్ళు సబబేనన్నారు. అదే సర్వేలో పెళ్ళయినవాళ్ళలో నూటికి 30 మంది మొగుడి చేతిలో హింస పడ్డామని చెప్పారు. దెబ్బలు తిన్నవాళ్ళకంటే దెబ్బలు న్యాయమేననేవాళ్ళే జాస్తి. శనివారం ఎవరో ఒకరు ఆడదానికి ఆడదే శత్రువు అని తప్పకుండా అంటారు. నాకైతే ఆ 84లో కనిపించేది వేరు. పోవడానికి ఇంకో చోటు లేనప్పుడు ఉన్నచోటు న్యాయమేనని మనసుకు చెప్పుకోకపోతే పూట గడవదు.

ఆ అమ్మాయి పెళ్ళికి వాళ్ళ నాన్న మామిడితోట అమ్మాడని నువ్వే చెప్పావు. ఆ డబ్బు మీవాడి కారయింది, వాళ్ళింటి మీద మేడయింది. ఆ ఇంట్లోంచే ఆమెను బయటికి నడవమన్నారు. కట్నం ఇచ్చినా తీసుకున్నా నేరమని 1961 నుంచీ చట్టం ఉంది. ఆ సంగతి పెళ్ళిలో ఎవరూ ఎత్తరు, నేను కూడా శనివారం దాన్ని ఎత్తమనడం లేదు. నేననేది తోట గురించి. ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతుళ్ళకూ వాటా ఉంటుందని దేశమంతటా చట్టం వచ్చింది 2005లో. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఆ హక్కు వచ్చింది. అయినా మన ఊళ్ళల్లో కూతురికి కట్నమిచ్చి వాటా వదులుకుంటున్నట్టు సంతకం చేయించుకోవడం ఈ రోజుకీ మామూలే.

కేరళలో తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ చేసిన అధ్యయనం ఒకటి 2005లో అచ్చయింది. పొలం గానీ ఇల్లు గానీ తమ పేరు మీద లేని ఆడవాళ్ళలో నూటికి 49 మంది ఎప్పుడో ఒకప్పుడు మొగుడి చేతి దెబ్బలు తిన్నారు. రెండూ ఉన్నవాళ్ళలో 7 మంది. మగవాళ్ళ గుణం అంత తేడాగా ఉండదు కదా. ఆమె లేచి వెళ్ళిపోగలదని తెలిసినచోట చెయ్యి ఆగుతోంది. మా ఆఫీసులో చదువే మార్గమనేవాళ్ళు, ఉద్యోగమే మార్గమనేవాళ్ళు. డిగ్రీలున్న అమ్మాయిలు, జీతం మొత్తం అత్త చేతిలో పెట్టే టీచరమ్మలు కూడా కోర్టు మెట్లెక్కి వచ్చేవాళ్ళు. తన పేరున ఒక గది ఉన్న మనిషి చాలా తక్కువ.

వచ్చే నెల గంగమ్మ జాతర. మీవాడు ఏటా వేషం కడతాడు, చీర కట్టుకొని తాతయ్యగుంట గుడికి పోతాడు. మొక్కు మొక్కే, ఎగతాళి చెయ్యను. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాణ్ణి గంగమ్మ రోజుకో వేషంలో వెతికి, తాను దొర వేషంలో ఉండగా పట్టుకొని తల నరికిందని కథ. మా నాయనమ్మ చెప్పినప్పుడల్లా నాకొక అనుమానం వచ్చేది. గంగమ్మ పెరిగి పెద్దయ్యేదాకా ఊళ్ళో మగవాళ్ళంతా ఏం చేస్తున్నట్టు? ఒకసారి అడిగితే కసురుకుంది.

నీ వంతు వచ్చినప్పుడు "మావాడు మంచోడు" అనే మాట నీ నోట రాకూడదు. నీకు మంచోడే. హాస్టల్లో నీకు జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చున్నాడని నాకూ తెలుసు. ఆ అమ్మాయికి దానితో పనిలేదు. కోర్టులో మొగుడి తరఫున సాక్ష్యానికి అతని స్నేహితులు ఇస్త్రీ చొక్కాలేసుకొని వరసగా వచ్చేవాళ్ళు. ఆమె తరఫున మొగుడి స్నేహితుడు బోనెక్కడం నేను చూడలేదు. మారాల్సింది అక్కడే అని నా అభిప్రాయం. గృహహింస చట్టంలో మొదటి వాయిదా మూడు రోజుల్లోపు ఉండాలని, 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చెయ్యాలని రాసి ఉంది. వాయిదాల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. చట్టం వచ్చేలోపు వాడి పక్కన ఉండేది మీరే. ఇంట్లో ఏం చేసినా నలుగురిలో తన పరపతికి లోటు రాదని వాడికి ధీమా. ఆ ధీమా మీరు ఇచ్చిందే.

కాబట్టి వాడితో ముందు విడిగా మాట్లాడు. మళ్ళీ కొడితే ఆమె తరఫున నేను సాక్షిని అని మొహం మీదే చెప్పు. కోపమొస్తే రానీ. రాజీ కాగితం రాస్తే ఆమె మీద షరతు ఒక్కటి కూడా ఉండకూడదని పట్టుబట్టు. పెట్టినా నువ్వు సంతకం చెయ్యకు. ఆమె రానంటే అదీ ఒక తీర్పే, బిడ్డ ఖర్చు ఎంతిస్తాడో అక్కడే తేల్చండి.

ఆమె కేసు వేస్తే వాణ్ణి వెంటనే జైల్లో పెడతారని వాళ్ళన్న భయపెడతాడు. డీవీసీలో అలా ఉండదు. కొట్టొద్దని, ఇంట్లోంచి వెళ్ళగొట్టొద్దని, నెలనెలా ఖర్చులివ్వమని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తాడు. దాన్ని మీరితేనే నేరం, ఏడాది వరకు జైలు పడొచ్చు. ఇల్లు మామగారి పేరున ఉంది కాబట్టి ఆమెకు అక్కడ ఉండే హక్కు లేదనే వాదన కూడా చెల్లదు, 2020లో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. ఆడవాళ్ళకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ లాయర్ని ఉచితంగా ఇస్తుంది, ఆదాయంతో పనిలేదు. రాత్రిపూట అవసరమొస్తే 181, ప్రాణం మీదికొస్తే 112. ఇవి ఆమెకు తెలిసి ఉండాలి, మీవాడికి కూడా తెలిసి ఉండాలి.

కోడల్ని కూడా తీసుకురా. శుక్రవారం రాత్రికే వచ్చేయండి. శనివారం పొద్దున్నే మీరిద్దరూ ముందు నగరి వెళ్ళండి. కోడలు ఆ అమ్మాయితో ఒంటరిగా కూర్చొని ఆమె ఏం కావాలనుకుంటోందో విననీ. నువ్వు వాళ్ళ నాన్నతో మాట్లాడు, రెండో తోట కూడా అమ్మొద్దని నా మాటగా చెప్పు. అక్కణ్నుంచి నేరుగా కొర్లగుంటకు పోవచ్చు. కారు నేను మాట్లాడి పెడతాను. వాళ్ళన్నకు మాత్రం ఈ రోజే ఫోన్ చేసి, వస్తున్నాను గానీ మీ తరఫున కాదు అని చెప్పెయ్.

మీ నాన్న