ముందు ఎక్కడి నుంచి వచ్చావమ్మా అని అడగండి

రాష్ట్ర ప్రవాసాంధ్రుల వ్యవహారాలు చూసే మంత్రి గారికి,

నమస్కారమండి. మాది కోనసీమలో సఖినేటిపల్లి రేవుకి దగ్గర ఊరు. చర్చిలో స్త్రీల సమాజం పని చూస్తాను. ఒకే ఒక్క ప్రశ్న గురించి మీకు రాస్తున్నాను.

పోయిన నెల మా సంఘంలోని ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్లాను. మస్కట్‌లో ఇంటిపనికి వెళ్లి, పది నెలల జీతం పోగొట్టుకుని, ఔట్‌పాస్ మీద, అంటే పాస్‌పోర్టు బదులు ఇంటికి తిరిగి రావడానికి ఎంబసీ ఇచ్చే కాగితం మీద, తిరిగొచ్చిన పిల్ల. అర్జీ అందుకున్నాయన అది చదవకుండానే "విజిటింగ్ వీసా మీద నిన్నెవరు వెళ్లమన్నారు?" అన్నారు. వెనక లైన్లో ముప్పై మంది దాకా ఉన్నారు. అమ్మాయి నోరు విప్పలేదు. చేతిలోని ఔట్‌పాస్ జిరాక్సుని మడిచి, మళ్లీ మడిచి, అగ్గిపెట్టెంత చేసింది. మడత దగ్గర కాగితం చిరిగింది. మా పని అవకుండానే రేవు దాటించే పంటెక్కి ఇంటికొచ్చేశాం.

ఆయన్ని అనే అర్హత నాకు లేదండి. మూడేళ్ల కిందట ఆమె వెళ్లిన వారం, కూడిక అయ్యాక చాపలు చుడుతూ "పసిపిల్లని వదిలేసి బంగారం కోసం పోయింది" అన్నది నేనే. తిరిగొచ్చాక ఆమె చర్చి లోపలికి రాలేదు, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల రోజున కూడా వరండాలోనే కూర్చుంది. నా మాట ఆమె చెవిన పడిందని అప్పటికిగాని నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి క్షమించమన్నాను. ఆ తర్వాత, మూడేళ్ల ముందే అడగాల్సింది అడిగాను: అసలేం జరిగిందమ్మా?

భర్తది కొబ్బరి దింపు పని. చెట్టు మీంచి పడి నడుం పోయింది. ఆస్పత్రి కోసం నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చారు. ఆమెకి లేసు అల్లకం వచ్చు. నర్సాపురం లేసు విదేశాలకి వెళ్తుందిగాని, అల్లే చేతికొచ్చేది ఆ వడ్డీకి చాలదు. పదో తరగతి తప్పింది కాబట్టి ఈసీఆర్ పాస్‌పోర్టు వచ్చింది, అంటే గల్ఫ్‌కి పనికి వెళ్లాలంటే ముందు ప్రభుత్వ అనుమతి (క్లియరెన్సు) తీసుకోవాల్సిన పాస్‌పోర్టు. దాని మీద గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లాలంటే ఆడవాళ్లకి 30 ఏళ్లు నిండాలి. అప్పటికి ఆమెకి 26. ఆడవాళ్ల రక్షణ కోసమే ఆ నిబంధన పెట్టారు, కాదనను. కానీ వడ్డీ నాలుగేళ్లు ఆగదు కదండీ. అక్కడే సబ్ ఏజెంటు దూరాడు. విజిటింగ్ వీసా అయితే ఆ క్లియరెన్సు అడగరు. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర వాడు చేతిలో పెట్టిన కాగితం ఏ వీసాదో ఆమెకి తెలియదు.

ఇంకో సంగతి చెప్పింది. 1996 నవంబరు 6 తుపానుకి ఆమె నెలల పిల్ల. ఇల్లూ చెట్లూ పోయాక తల్లి కువైట్ వెళ్లింది. అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్ల ఇది. "నా కూతురికి ఆ గతి పట్టకూడదనుకున్నాను పిన్నీ" అంది. ఆ పిల్లనే నేను అంత మాట అన్నాను.

మా బైబిల్లో హాగరు ఉంది. యజమానురాలు పెట్టే బాధలు పడలేక, కడుపుతో ఎడారిలోకి పారిపోయిన దాసి. నీటి ఊట దగ్గర దేవదూత ఆమెని పేరుపెట్టి పిలిచి, ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు. ఆ తర్వాతే తిరిగి వెళ్లమన్నాడు. ప్రసంగాల్లో మేం ఆ తిరిగి వెళ్లమన్న మాటే ఎక్కువ చెప్పుకుంటాం, ముందడిగిన ప్రశ్న దాటేస్తాం. హాగరు మాత్రం ఆయన్ని తనను చూసే దేవుడని పిలుచుకుంది. మీ మతం ఏదైనా కావచ్చు మంత్రి గారూ, ఆ ప్రశ్న మీ ఆఫీసుల్లోనూ అడగొచ్చు.

గల్ఫ్ నుంచి వచ్చిన ఆడవాళ్ల అర్జీలు తీసుకోడానికి ఒక మహిళా ఉద్యోగిని పెట్టించండి. అర్జీ అందరి ముందు కాకుండా విడిగా వినేలా చూడండి. ఎలా వెళ్లావనేది తర్వాత రాసుకోవచ్చు, ఎందుకు వెళ్లాల్సొచ్చిందో ముందు రాయించండి. మోసం చేసిన సబ్ ఏజెంటు పేరు అప్పుడే బయటికొస్తుంది. నిలబెట్టి నిలదీస్తే ఎవరూ చెప్పరు.

వచ్చే సోమవారం ఆమెని మళ్లీ తీసుకెళ్తున్నాను. చిరిగిన జిరాక్సు బదులు కొత్తది తీయించాం. ఆ రోజు ఆమెకి ఒక కుర్చీ వేయించమని చెప్పండి, అంతే.

ఇట్లు,
స్త్రీల సమాజం కార్యకర్త