వార్షిక నివేదిక 2024–25: వచ్చిన శ్రోతను నిలుపుకోవడం గురించి

గౌరవనీయులైన సభ్యులకు, శాశ్వత పోషకులకు, మన సంగీత సభను ఆదరిస్తున్న కళాభిమానులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఈ ఆర్థిక సంవత్సరంలో నెలవారీ కచేరీలు, శ్రీరామనవమి ఉత్సవం, అన్నమాచార్య జయంతి, త్యాగరాజ ఆరాధన యథావిధిగా జరిగాయి. వర్షాల వల్ల ఆగస్టు కచేరీ ఒక వారం వెనక్కి జరిగింది. ఆడిటరు ధ్రువీకరించిన జమాఖర్చుల పట్టికను విడిగా జతపరిచాం. హాలు అద్దె పెరగడం మినహా అందులో ప్రత్యేకంగా వివరించవలసినదేమీ లేదు. అందుచేత ఈసారి కార్యక్రమాల జాబితాను పట్టికకే వదిలి, నివేదికలో అధిక భాగాన్ని కార్యవర్గ సమావేశాల్లో పదేపదే చర్చకు వచ్చిన ఒకే విషయానికి కేటాయిస్తున్నాం. సంగీతం బాగా తెలిసిన మన సభ్యుల్లో కొందరి మాటతీరు వల్ల సభకు కొత్తగా వస్తున్నవారు రెండోసారి రావడం లేదన్నదే ఆ విషయం.

ప్రవేశద్వారం దగ్గర ఉంచే హాజరు పుస్తకంలో ప్రతి నెలా కొత్త పేర్లు కనిపిస్తూనే ఉన్నాయి. అవే పేర్లు మరుసటి నెలల్లో కనిపించడం లేదు. ఊళ్లో శాస్త్రీయ సంగీతానికి శ్రోతలు కరువయ్యారని మనం వేదికపై తరచుగా చెప్పుకునే మాటకు ఈ పుస్తకం సాక్ష్యం చెప్పదు. కార్యవర్గ సభ్యులు కొందరికి ఫోన్ చేసి కనుక్కోగా, పాట బాగోలేదని అన్నవారు దాదాపు లేరు. “తెలిసినవాళ్ల మధ్య తెలియనివాళ్లం ఎందుకులెండి” అనే ధోరణిలోనే ఎక్కువ మంది మర్యాదగా తప్పుకున్నారు.

జూలై కచేరీలో జరిగిన ఒక సంఘటనను కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. గాయని, వాగ్గేయకారుడు సుబ్బరాయశాస్త్రి గారి “జననీ నిను వినా” కృతికి ముందు రాగాలాపన అందుకోగానే, మూడో వరుసలో కూర్చున్న ఒక యువకుడు పక్కనున్న స్నేహితుడితో ఇది రీతిగౌళ అనీ, ఇళయరాజా సినిమా పాట ఒకటి ఇదే రాగంలో ఉందనీ మెల్లగా చెప్పాడు. ముందు వరుసలోని ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, ఆలాపన సాగుతుండగానే, “సినిమా పాట పట్టుకుని రాగం చెప్పే రోజులొచ్చాయి, కానివ్వు బాబూ” అన్నారు. చుట్టుపక్కల నలుగురు నవ్వారు. ఆ అబ్బాయి మారు మాట్లాడలేదు, విరామంలో వెళ్లిపోయాడు. అతను చెప్పిన రాగం సరైనదే. అతని మనసులో ఉన్నది 1977 నాటి తమిళ చిత్రం ‘కవిక్కుయిల్’ లోని పాట అయితే, దాన్ని పాడినది మన శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారే. ఆయన సినిమాకు పాడిన పాట విని రాగం గుర్తుపట్టినవాణ్ణి ఆయన పుట్టిన గడ్డ మీదే ఎగతాళి చేశామన్నమాట. అంతకంటే బాధాకరమైనది మరొకటుంది: ఆ యువకుడు అంతకు ముందు రెండు కార్యక్రమాలకు కుర్చీలు సర్దడంలోనూ, మైకుల అమరికలోనూ అడగకుండానే చేయి వేసినవాడు.

సినిమా సంగీతం మీద చిన్నచూపు ఇవాళ పుట్టింది కాదు. కేంద్రంలో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రిగా ఉన్న కాలంలో, 1952 ప్రాంతంలో, ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు వినిపించకుండా పోయాయి. ప్రజల అభిరుచిని ఆ విధంగా సంస్కరించవచ్చని అనుకున్నారు. శ్రోతలు రేడియో ముల్లు తిప్పి, సినిమా పాటలు వేసే సిలోన్ స్టేషను పెట్టుకున్నారు. చివరికి 1957లో వివిధభారతి ప్రారంభించవలసి వచ్చింది. అంతకు ముందే, 1940లో, హార్మోనియంలో గమకం, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం, సాధ్యం కాదని, దాని శ్రుతులు మన సంగీతానికి పొసగవని రేడియోలో ఆ వాద్యాన్ని నిషేధించారు. 1971 దాకా సడలింపు రాలేదు. ఆ ముప్ఫై ఏళ్లూ మన కోస్తా పల్లెల్లో తెల్లవార్లూ పద్యనాటకాలు హార్మోనియం మీదే నడిచాయి. శ్రుతుల విషయంలో ఆ పెద్దల వాదనలో శాస్త్రపరంగా బలం లేకపోలేదు. అయితే అభ్యంతరం చెప్పడం వేరు, ఇంటి గుమ్మం దగ్గరే ఆపేయడం వేరు.

ఈ చరిత్ర కార్యవర్గానికి గుర్తుకు రావడానికి కారణం నవంబరులో మనం ఏర్పాటు చేసిన పద్యనాటక సాయంత్రం. దానికి ముందే కొందరు సభ్యులు “రాగం సాగదీసి పద్యాన్ని చంపేవాళ్లకు మన వేదిక ఎందుకు” అని లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపారు. అభ్యంతరాన్ని కార్యవర్గం చదివింది, చర్చించింది, కార్యక్రమాన్ని కొనసాగించింది. ఆ రోజు హాలు నిండి, వెనక గోడ వెంట జనం నిలబడ్డారు. ఒక పద్యానికి “వన్స్ మోర్” అంటూ కేకలు పడితే, హార్మోనిస్టు గాయకుడి ముఖం చూసి, అతని గొంతు అలసిందని గ్రహించి, శ్రుతిని అర మెట్టు దించి మళ్లీ అందించారు. పక్కవాద్యం అంటే ఏమిటో మన సభ్యులు గంటల కొద్దీ చర్చించే విషయం ఆ ఒక్క క్షణంలో కళ్లకు కట్టింది. అభ్యంతరం తెలిపినవారిలో ఆ కార్యక్రమానికి వచ్చినవారు ఎవరూ లేరు కనుక వారికి ఈ సంగతి ఇక్కడ తెలియజేస్తున్నాం.

అన్నమాచార్య జయంతి నాడు జరిగినది మరో రకం. ఒక కీర్తనను గాయని కొత్త బాణీలో పాడగా, మన సీనియర్ సభ్యులొకరు లేచి నిలబడి, “ఇది అన్నమయ్య బాణీ కాదు, అసలు బాణీ వేరు” అని సభాముఖంగా అన్నారు. ఆవిడ పాట ఆపలేదు కానీ తరువాతి కీర్తన ఎత్తుకునేటప్పుడు గొంతు వణికింది. ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయడం అవసరం. అన్నమయ్య (1408–1503) కీర్తనల రాగిరేకుల మీద రాగాల పేర్లు ఉన్నాయే తప్ప స్వరలిపి లేదు. మనం నేడు పరంపరగా భావిస్తున్న బాణీల్లో చాలా భాగం గత శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, బాలమురళీకృష్ణ వంటి విద్వాంసులు కూర్చినవి. “నానాటి బతుకు” రేవతిలో వినగానే మన కళ్లు చెమర్చడం నేదునూరి వారి ప్రతిభ. ఆ బాణీ మీద మమకారం ఉండటంలో తప్పులేదు. దాన్ని పదిహేనో శతాబ్దానికి అంటగట్టి, ఆ పేరుతో ఒక కళాకారిణిని సభలో చిన్నబుచ్చడం మాత్రం తప్పే. కచేరీ క్రమం విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. వర్ణంతో మొదలై మంగళంతో ముగిసే నేటి పద్ధతి గాయకుడు అరియకుడి రామానుజ అయ్యంగార్ (1890–1967) కాలంలో స్థిరపడినదే. కచేరీ చివర పాడే చిన్న పాటలైన తుకడాలను ఎవరైనా రెండు ముందుకు జరిపితే సనాతన ధర్మానికి భంగం కలిగినట్లు ఉత్తరాలు రాయవలసిన పని లేదు.

ఇక తని ఆవర్తనం, అంటే కచేరీ మధ్యలో లయవాద్యాలు మాత్రమే వాయించే భాగం, సంగతి. కొత్త శ్రోతలకు తాళం తెలియదని, పామరులకు లయజ్ఞానం ఉండదని మనవాళ్లు అంటూంటారు. మృదంగ, ఘట విద్వాంసులు తని మొదలుపెట్టగానే ముందు రెండు వరుసలు లేచి కాఫీ కౌంటరు వైపు నడవడం ఈ సంవత్సరం ప్రతి కచేరీలో కార్యవర్గం గమనించింది. వెనక వరుసల వారు మాత్రం తాళం లెక్కలు తెలియకపోయినా తనిని ముగించే చివరి మోరా దాకా కదలకుండా కూర్చుంటున్నారు. డిసెంబరు నుంచి కాఫీ కౌంటరును విరామంలోనూ, కచేరీ అయ్యాకా మాత్రమే తెరుస్తున్నాం. కాఫీ అందక ఒకరిద్దరు నొచ్చుకున్నారని తెలుసు. మృదంగ విద్వాంసుల నుంచి మాత్రం ఫిర్యాదు రాలేదు.

త్యాగరాజ ఆరాధనలో ఆయన ఐదు పంచరత్న కృతులను అందరూ కలిసి పాడే పంచరత్న గోష్ఠికి ఎవరు ముందు కూర్చోవాలన్న వాదన ఈసారి శ్రుతి మించింది. గురుముఖతః పంచరత్నాలు పూర్తిగా నేర్చుకోనివారు గోష్ఠిలో కూర్చోకూడదని కొందరు పట్టుబట్టి, ‘జగదానందకారక’ ఒక్కటే వచ్చిన పిల్లల్ని వెనక్కి పంపారు. పిల్లల్లో ఒకామె నోటు పుస్తకంలో అన్ని చరణాలూ రాసుకుని, రాని స్వరాల కింద పెన్సిలు గీతలు గీసుకుని వచ్చింది. ఆ గీతలున్న చోట్ల పెదవులు కదపకుండా కూర్చుంటానని వాళ్ల అమ్మగారు చెప్పమన్నారట. ఇటువంటి అడ్డుగోడలు ఎంత దూరం వెళ్లాయో గుర్తు చేసుకుంటే మంచిది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మీద ఆలయం కట్టించింది 1920లలో గాయని బెంగళూరు నాగరత్నమ్మ, తన సొంత సొమ్ముతో. అయినా ఆరాధనలో స్త్రీలను పాడనివ్వకపోవడంతో ఆవిడ స్త్రీలతో వేరుగా గోష్ఠి నడిపించవలసి వచ్చింది. ఆనాడు అడ్డుపెట్టినవారు కూడా సంప్రదాయ రక్షణ అనే అన్నారు. పైగా పదిమంది కలిసి పాడుకోవడానికి వీలైన దివ్యనామ సంకీర్తనలనూ, ఉత్సవ సంప్రదాయ కీర్తనలనూ చేసి పెట్టింది త్యాగయ్యగారే. అందువల్ల వచ్చే ఆరాధన నుంచి పంచరత్నాలకు ముందు దివ్యనామాలకు ఒక గంట కేటాయించి, అందులో ఎవరైనా కూర్చుని పాడేలా ఏర్పాటు చేస్తున్నాం. పంచరత్న గోష్ఠిలో పిల్లలకు ప్రత్యేకంగా ఒక వరుస ఉంటుంది.

నిందంతా పెద్దవారి మీదే మోపడం కార్యవర్గం ఉద్దేశం కాదు. కొత్తగా చేరిన యువ సభ్యుల్లో కొందరు ఒక వృద్ధ విద్వాంసుని గొంతు తారస్థాయిలో చీలిన చోట సెల్‌ఫోనులో రికార్డు చేసి, నవ్వు బొమ్మలు జోడించి పంచుకున్నారు. వారిని పిలిచి మాట్లాడాం, తొలగించారు. ఒక విద్వాంసుని అభిమానులు మరొకరి కచేరీకి పని గట్టుకుని వచ్చి పెదవి విరవడం, “మద్రాసు సీజనులో (డిసెంబరు సంగీతోత్సవాల్లో) విన్నవాళ్లకు ఇవేం ఆనుతాయి” అని బయటికి వినపడేలా అనడం వయసుతో నిమిత్తం లేకుండా జరుగుతోంది. స్థానిక కళాకారుల కచేరీలకు ముందు వరుసలు ఖాళీగా ఉండటానికి ఈ మద్రాసు మోజే ప్రధాన కారణం. పాలకొల్లు కుర్రవాడు యు. శ్రీనివాస్ చేతిలో మాండలిన్ చూసి, దాని మీద కర్ణాటక సంగీతం ఏం పలుకుతుందని సందేహించిన పెద్దలు ఉండేవారు. ఆ సందేహం తీరింది ముందు ఆంధ్రలో, 1978లో గుడివాడ ఆరాధన వేదిక మీద ఆయన తొలి కచేరీ నుంచే మొదలై. మద్రాసు తరువాత తెలుసుకుంది. ఫిడేలు సైతం ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల కాలంలో యూరపు నుంచి వచ్చి మన ఒడిలో కూర్చున్నదే కదా.

విమర్శ వద్దని ఎవరూ అనడం లేదు. శ్రుతి తప్పితే తప్పిందని, సాహిత్యం విరిచి అర్థం చెడగొడితే చెడగొట్టారని చెప్పేవారు లేకపోతే సభ ఎందుకూ పనికిరాదు. తెలుగు కృతుల పదచ్ఛేదం విషయంలో మన సభ్యులు పంపిన ఉత్తరాలను ఇద్దరు కళాకారులు కృతజ్ఞతతో స్వీకరించి, తరువాతి కచేరీలో సరిదిద్దుకుని పాడారు. ఆ ఉత్తరాల్లో ఏ కృతిలో ఏ పాదం, ఎక్కడ విరిగింది, ఎలా ఉండాలి అన్న వివరం ఉంది. “ఈ తరానికి సంగీతం రాదు” అన్న వాక్యం వాటిలో లేదు.

కార్యవర్గం తీసుకున్న, తీసుకోబోతున్న చర్యలు ఇవి. జనవరి నుంచి ప్రతి కచేరీ తరువాత అరగంట పాటు కళాకారులతో ముఖాముఖి జరుగుతోంది. మొదటి ప్రశ్న అడిగే అవకాశం సభకు ఆ నెలలో కొత్తగా వచ్చినవారిదే. ఫిబ్రవరిలో వయొలిన్ విద్వాంసులొకరు కల్యాణి, శంకరాభరణాలకు ఒక్క మధ్యమంలోనే తేడా ఎలా ఉందో వాయించి చూపగా, ప్రశ్నలు అరగంట దాటిపోయి వాచ్‌మన్ లైట్లు ఆర్పే దాకా సాగాయి. కళాకారులపై అభిప్రాయాలు వేదిక దగ్గర గాని, గ్రీన్‌రూములో గాని చెప్పకుండా కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వాలి. రాగాల ఆధారంగా సినిమా పాటల సాయంత్రం ఒకటి వచ్చే సెప్టెంబరులో ఉంటుంది. జూలైలో వెళ్లిపోయిన యువకుణ్ణి దాని నిర్వహణకు ఆహ్వానించాం, ఇంకా జవాబు రాలేదు.

ముందు రెండు వరుసలను పోషక సభ్యులకు కేటాయించే పాత పద్ధతిని రద్దుచేసి, వృద్ధులకూ దివ్యాంగులకూ తప్ప మిగతా కుర్చీలన్నీ వచ్చిన వరుసలో కూర్చునేలా చేయాలన్న ప్రతిపాదనపై కార్యవర్గంలో ఏకాభిప్రాయం కుదరలేదు. పోషకుల విరాళాలు తగ్గుతాయన్న భయం నిజమైనదే కనుక దాన్ని సర్వసభ్య సమావేశంలో ఓటింగుకు పెడుతున్నాం. సవరణలు సూచించదలచినవారు సమావేశానికి వారం ముందుగా కార్యాలయంలో ఇవ్వగలరు. పోషక సభ్యులు కూడా ఈ అంశంపై తప్పక ఓటు వేయవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున